తాటాకు పందిరి, రెండు పద్దులు

ఈ మధ్య పెళ్ళి శుభలేఖల మీద ఒక కొత్త ముచ్చట కనిపిస్తోంది, మీరూ చూసే వుంటారు. కాగితంలోనే విత్తనాలు పొదిగి, చదివాక మట్టిలో నాటమని అడుగున చిన్న అక్షరాలతో అచ్చు వేయిస్తున్నారు. ఆలోచన మంచిదే. కాకపోతే అలాంటి శుభలేఖ అందుకుని వెళ్ళిన పెళ్ళిలోనే ఖాళీ నీళ్ళసీసాలు అడుగడుగునా కాళ్ళకి అడ్డం పడ్డాయి. పర్యావరణానికి హాని చెయ్యని పెళ్ళి అంటే ఇప్పటి పిల్లలకి అదో కొత్త సరుకు. పెద్దవాళ్ళని అడగండి, "ఇందులో కొత్తేముందమ్మా, మా పెళ్ళిళ్ళన్నీ అలాంటివేగా!" అంటారు.

ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుకోవలసిన అవసరం నాకు ఈ ఏడు వచ్చిపడింది. మా చెల్లెలి కూతురికి పెళ్ళి కుదిరింది. పిల్లా, పిల్లవాడూ ఇద్దరూ ఉద్యోగస్తులే. ఇద్దరూ దాచుకున్నది కలిపి అయిదు లక్షలు. అందులోనే పెళ్ళి జరగాలి, ఒక్క రూపాయి అప్పు చెయ్యకూడదు, తెల్లారేసరికి వీధిలో చెత్తకుప్ప మిగలకూడదు అని పిల్ల పట్టు. ఉన్న ఒక్క ఇళ్ళస్థలం అమ్మయినా సరే ఘనంగా చెయ్యకపోతే నలుగురిలో తలెత్తుకోలేనని తల్లి పట్టు. నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. "పెద్దమ్మా, పూర్వం ఎలా చేసేవారో నువ్వు చెప్పు. నువ్వు చెబితే అమ్మ వింటుంది" అని ఆ పిల్ల నన్ను ముగ్గులోకి దింపింది.

మా తాతగారు పద్దులు రాయడంలో మహా ఘటికులు. మా అమ్మ పెళ్ళి నాటి ఖర్చుల పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే వుంది. తారణ సంవత్సరం, అంటే 1944. తణుకు దగ్గర పల్లెటూరు. యుద్ధం రోజులు. పంచదారకి రేషను, కిరసనాయిలుకి రేషను, బట్టకి కంట్రోలు. అయినా అయిదు రోజుల పెళ్ళి అయిదు రోజులూ చేశారు.

మొదటి పేజీ చదువుతుంటే మా చెల్లెలి కూతురికి కళ్ళు మెరిశాయి. తాటాకులు, వెదురు బొంగులు, కొబ్బరి తాడు, అరటి బోదెలు, మామిడాకులు. వంటచెరుకు. అరటాకులు, అవి చాలకపోతే అడ్డాకు విస్తళ్ళు. కుమ్మరి ఇంటి నుంచి ఐరేణి కుండలు, మంచినీళ్ళ బానలు. మేదరవాళ్ళ దగ్గర బుట్టలు, తట్టలు, విసనకర్రలు. పసుపు, కుంకం, సున్నం, ముగ్గుపిండి. సన్నాయి మేళం. ఈ జాబితాలో మట్టిలో కలవని వస్తువేదైనా వుందా అని వెతికాను. రాటకి కట్టిన నవధాన్యాల మూట కూడా పసుపు గుడ్డే. పెళ్ళయ్యాక పందిరి విప్పిన తాటాకుల్లో బాగున్నవి పశువుల పాక మీదికి ఎక్కేవి, పాడైనవి పొయ్యిలోకి పోయేవి. విస్తళ్ళు దిబ్బలో పడి మర్నాటి ఏడాదికి చేలోకి ఎరువై వెళ్ళేవి.

ఇహ వంట గిన్నెలు. గుండిగలు, గంగాళాలు, బూరెల మూకుళ్ళు, జంబుఖానాలు ఒక్కరింట్లో అన్నీ వుండేవి కావు. ఊరంతా తిరిగి తెచ్చుకోవడమే. ఎవరి దగ్గర ఏం తెచ్చారో తాతగారు వరసగా రాసుకున్నారు, తిరిగి ఇచ్చినదాని పక్కన చిన్న గీత. మన గిన్నెల మీద పేర్లు చెక్కించుకునే అలవాటు ఎందుకొచ్చిందనుకుంటున్నారు? మురిపెం కొంత వుంటే వుండవచ్చు గాని, పెళ్ళివారింటి నుంచి మన గిన్నె మనకి తిరిగి రావాలనే ఆరాటమే ఎక్కువని నా నమ్మకం. ఇప్పుడు దీన్నే "అద్దెకి తీసుకోండి, కొనకండి" అని కొత్త సూత్రంలా చెబుతున్నారు.

ఇంతవరకూ విని, "చూశావా అమ్మా!" అంది పిల్ల, గెలిచినట్టు. నేను పేజీ తిప్పాను.

రెండో పేజీలో ఉన్నవి రెండే పద్దులు. కట్నమూ, లాంఛనాలూ ఒకటి. బంగారం, వెండి రెండోది. పందిరి నుంచి సన్నాయి దాకా మొదటి పేజీ మొత్తం కలిపినా ఈ రెండు వరసల కాలిగోటికి చాలదు. ఈ రెండు వరసల కోసమే తాతగారు రెండెకరాల మాగాణి తాకట్టు పెట్టారు. అది విడిపించడానికి ఆయనకి పదకొండేళ్ళు పట్టిందని అమ్మ చెప్పేది. తాటాకు పందిరి కింద, మట్టి కుండల మధ్య, అరటాకులో భోజనాలు పెట్టి మరీ ఆ కుటుంబం అప్పులో కూరుకుపోయింది.

పూర్వపు పెళ్ళి చౌకైనదని మనవాళ్ళు అనుకోవడంలో పెద్ద పొరపాటు ఇక్కడే వుంది. చెత్త తక్కువ అవడం వేరు, ఖర్చు తక్కువ అవడం వేరు. అప్పట్లో ప్లాస్టిక్కు లేదు కనక చెత్త లేదు. ఆశ మాత్రం అప్పుడూ వుంది.

గురజాడవారు కన్యాశుల్కం నాటకం 1892లో ఆడించి, 1897లో అచ్చు వేసినప్పుడు దానికి రాసిన ముందుమాటలో ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజా ఆనందగజపతి వారు విశాఖపట్నం జిల్లాలో సేకరింపించిన లెక్క అది. మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని జరిపిన పెళ్ళిళ్ళు 1034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు! ఆ పసికందులకి మూడువందల యాభై నుంచి నాలుగువందల రూపాయల దాకా వెల కట్టారు. ఆ పెళ్ళిళ్ళన్నీ కూడా పచ్చని పందిళ్ళ కిందే జరిగి వుంటాయి సుమండీ. విస్తళ్ళన్నీ ఆకులవే అయి వుంటాయి. కన్యాశుల్కం పోయి వరకట్నం దాని చోట కూర్చుంది. దాన్ని నిషేధిస్తూ మన రాష్ట్రం 1958లోనే చట్టం చేసింది, దేశమంతటికీ 1961లో వచ్చింది. ఎంత వరకూ ఆగిందో మీకు తెలియనిది కాదు.

నిజంగా ఖర్చు తగ్గించిన పెళ్ళిళ్ళు చరిత్రలో ఎక్కడున్నాయని వెతికితే, అవి దాదాపు అన్నీ ఏదో ఒక ఎదురు తిరిగిన పనిలోంచి పుట్టినవే. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. డబ్బు సాయానికి కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు వున్నారు గాని, మనుషుల సాయమే కరువైంది. ఊరు వెలివేసింది. వంటవాళ్ళు రామన్నారు, నీళ్ళవాళ్ళు మానేశారు. ఆ రోజుల్లో పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్ళు మోసి, తనే వంట చేసి, పెళ్ళివారికి పెట్టింది. పెళ్ళికి ఎంతమంది వస్తారన్నది కాదు, ఎవరు నిలబడతారన్నదే అక్కడ లెక్క. మనం పంతులుగారి విగ్రహాలకి దండలు వేస్తాం గాని, ఆ బిందెలు మోసిన భుజాలని తలుచుకోవడం తక్కువ.

అదే రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయమ్మగారు 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌గారిని రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారు. ఆయన అప్పటికి కేంద్రంలో ఆర్థికమంత్రి, ఆవిడ ప్రణాళికా సంఘం సభ్యురాలు. కావాలనుకుంటే ఢిల్లీ అంతా దీపాలు పెట్టించగలరు. సాక్షి సంతకం పెట్టినవాళ్ళలో ప్రధానమంత్రి నెహ్రూ ఒకరు. పెళ్ళికి కావలసినవి ఒక కాగితం, ఒక కలం, సంతకాలు. దేశపు పద్దులు చూసే మనిషి తన ఇంటి పద్దు అంత చిన్నదిగా వుంచుకున్నాడు.

నెహ్రూగారి మాట వచ్చింది కనక చీర సంగతీ చెబుతాను. 1942 మార్చిలో ఇందిరాగాంధీ పెళ్ళికి కట్టుకున్న లేత గులాబీరంగు ఖద్దరు చీర, తండ్రి జైల్లో వుండగా వడికిన నూలుతో నేసినది. అదే చీర 1968లో కోడలు సోనియా, 1997లో మనవరాలు ప్రియాంక పెళ్ళిళ్ళలో కట్టుకున్నారు. మూడు తరాలు, ఒకే చీర. రాజకీయాలు పక్కన పెట్టండి, ఆడవాళ్ళం కనక చీర సంగతి మాత్రం ఒప్పుకుందాం. నేటి పెళ్ళికూతురు ఒక్క రోజులో అయిదు పట్టుచీరలు మారుస్తుంది, ఆ తర్వాత వాటికి బీరువాలో వనవాసం. పట్టుపురుగుల్ని చంపకుండా పట్టు తీసే పద్ధతి కనిపెట్టి పేటెంటు తెచ్చుకున్నవారు కుసుమ రాజయ్యగారు, హైదరాబాదులో చేనేత శాఖలో పనిచేసిన మన తెలుగువారే. అయితే ఆ పట్టు మామూలు పట్టు కన్నా ఖరీదు. అయిదు లక్షల పెళ్ళికి అది కుదరదని తేలిపోయింది.

అసలు ముహూర్తం వేళకి పెళ్ళికూతురు కట్టుకునేవి ఏవిటి? మధుపర్కాలు. పసుపు అద్దిన అంచుల తెల్లని నూలు బట్టలు. తలమీద పెట్టేది జీలకర్రా బెల్లమూ, తమలపాకులో. పోసుకునేవి పసుపు కలిపిన బియ్యం. మెళ్ళో కట్టేది పసుపు తాడు. సూత్రానికి బంగారం అమరనివాళ్ళు ఆ తాడుకే పసుపు కొమ్ము కట్టి కాపురం మొదలు పెట్టిన ఇళ్ళు ఎన్ని లేవు? 1963లో బంగారం కంట్రోలు వచ్చి పద్నాలుగు కారెట్లకి మించి నగలు చెయ్యకూడదన్నప్పుడు కూడా మన పెళ్ళిళ్ళేమీ ఆగిపోలేదు. చట్టం సంగతికొస్తే, 1955 హిందూ వివాహ చట్టం సంప్రదాయం ప్రకారం జరిగే తంతునీ, సప్తపది వున్న చోట ఏడో అడుగునీ అడుగుతుంది గాని, విందులో ఎన్ని స్వీట్లన్న ఊసు ఎక్కడా ఎత్తదు.

ఈ మాట అంటే మా మరిది, అంటే చెల్లెలి భర్త, కన్యాదాన మంత్రంలో "సాలంకృత" అన్న మాట పట్టుకున్నాడు. అలంకరించిన కన్యనే దానం ఇవ్వాలని శాస్త్రం చెబుతోందిట, అంచేత కనీసం ఇరవై తులాలు వుండాలిట. "అలంకారమంటే పూలు కావా బాబూ?" అని పురోహితుల్ని అడిగించాను. ఆయన పెద్దమనిషి. నవ్వేసి, తులాల లెక్క ఏ మంత్రంలోనూ లేదమ్మా అన్నారు. మరిది ఆ పూట భోజనానికి కాస్త ఆలస్యంగా వచ్చాడు.

ఇహ అతిథుల సంగతి. 1965లో తిండిగింజలు కరువై లాల్ బహదూర్ శాస్త్రిగారు సోమవారం రాత్రి భోజనం మానమని దేశాన్ని అడిగితే, మా ఇంట్లోనూ మానేశాం. నేను బడికి వెళ్ళే పిల్లని, ఆకలి బాగా గుర్తు. మళ్ళీ అలాంటి కట్టడి చూసింది 2020లో, పెళ్ళికి యాభై మందికి మించి రాకూడదన్నప్పుడు. ఆ ఏడు మా వీధిలో పెళ్ళి చేసుకున్న రెండు జంటలూ సుఖంగానే కాపురాలు చేసుకుంటున్నాయి. రానివాళ్ళెవరూ ఆ తర్వాత మాటలు మానెయ్యలేదు. పాపం పోలీసులకి భయపడి బంధువులు క్షమించారు, అలాగే అప్పుకి భయపడ్డామంటే ఎందుకు క్షమించరు?

ఎనిమిదివందల మంది పేర్లు రాసిన మా చెల్లెల్ని ఈ మాటే అడిగాను. అది సమాధానం చెప్పలేదు గాని, రాత్రి కూర్చుని జాబితా మళ్ళీ రాసింది. కిందటి అయిదేళ్ళలో ఒక్కసారయినా మన గుమ్మం తొక్కినవాళ్ళూ, మనం తొక్కిన గుమ్మం వాళ్ళూ అని కొలత పెట్టుకుందిట. నూట అరవై మంది తేలారు. ఆ తర్వాత చాలా సేపు మౌనంగా కూర్చుంది. ఎనిమిదివందల మంది మనవాళ్ళు అనుకుంటూ బతికిన మనిషికి అది తేలికైన రాత్రి కాదు.

నూట అరవై మంది అన్న మాట ఖాయమయ్యాక మిగతా ముళ్ళు వాటంతటవే విడివడ్డాయి. ఏసీ హాలు అక్కర్లేదు, ఇంటి ముందు ఖాళీ స్థలం చాలు. అదే, అమ్ముదామనుకున్న స్థలం! అమ్మకుండా దాంట్లోనే తాటాకు పందిరి. రాత్రి లగ్నం కాదని పగటి లగ్నం పెట్టించారు, జనరేటరుతో పని లేదు. థర్మోకోలు అలంకరణ ఎలాగూ కుదరదు, 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. ఆ నిషేధం జాబితాలో ప్లాస్టిక్కు కంచాలు, గ్లాసులు, స్ట్రాలతో పాటు శుభలేఖల మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్కు పొర కూడా వుందని నాకు ఇప్పుడే తెలిసింది. బఫే వద్దు, పంక్తి భోజనాలే అన్నాను. బఫేలో మనిషి కంచంలో కొండ కట్టుకుని సగం వదిలేస్తాడు. పంక్తిలోనూ పారెయ్యడం లేదనను. కొసరి కొసరి వడ్డించడమే మర్యాదనుకునే వాళ్ళ చలవ వల్ల విస్తరిలో మిగిలే బూరెలు నేను చూశాను. అంచేత వడ్డనకి మా పిల్లల్నే పెట్టుకుని, అడిగితేనే మారు వడ్డించమని చెప్పాం. మంచినీళ్ళకి బానలు, ఇత్తడి గ్లాసులు అద్దెకి. గ్లాసులు కడిగే ఇద్దరు ఆడవాళ్ళకి కూలి విడిగా రాశాం.

విస్తళ్ళ దగ్గరకి వచ్చేసరికి నాకు తెలియని చరిత్ర ఒకటి ఎదురైంది. వియ్యాలవారిది నల్గొండ వైపు. వాళ్ళు మోదుగాకు విస్తళ్ళు అక్కడే కుట్టిస్తామన్నారు. మాట్లాడుకోవడానికి మేం వెళ్ళినప్పుడు పెళ్ళికొడుకు నాయనమ్మగారు గడపలో కూర్చుని వింటున్నారు. ఎనభై అయిదు దాటాయి. పిల్ల ఉత్సాహంగా, "పూర్వంలాగా అన్నీ ఆకుల్లోనే నాయనమ్మా" అంది. ఆవిడ కాసేపు చూసి అన్నారు:

"ఇస్తర్లు మంచిగనే ఉంటయి బిడ్డా. కుట్టెటోళ్ళకు పైసలిస్తరా మరి? గడిల పెండ్లి అంటే మా అమ్మ మూడు దినాలు ఆకులే కుట్టేది. నేను పుల్లలు చీరి ఇచ్చేదాన్ని. ఒక్క పైస ఇయ్యలే. పెండ్లి బువ్వ సుత పెట్టలే."

వెట్టిచాకిరి గురించి నేను క్లాసులో ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను. నిజాం రాజ్యంలో దొర ఇంట్లో పెళ్ళంటే గొల్లలు మందకో గొర్రె తోలాలి, కుమ్మరులు కుండలు ఇవ్వాలి, చాకళ్ళూ మంగళ్ళూ ఊరికే చాకిరి చెయ్యాలి. ఆంధ్రమహాసభ దాని మీద పోరాడిందనీ, 1946 నుంచి 1951 దాకా జరిగిన సాయుధ పోరాటంలో ఊళ్ళకి ఊళ్ళు వెట్టి మానేశాయనీ బోర్డు మీద రాసేదాన్ని. కానీ విస్తరి పుల్లలు చీరిన వేళ్ళు నా ఎదురుగా కూర్చుంటాయని అనుకోలేదు. నేను ముచ్చటపడి చదివిన మొదటి పేజీ, మా తాతగారి పేజీ, అంత చిన్నదిగా ఎలా వుందో అప్పుడు తట్టింది. మా వైపు దాన్ని వెట్టి అనేవారు కాదు. కుమ్మరికి కొలత గింజలు, చాకలికి పాత పంచె, మంగలికి చిల్లర కట్నం. "ఇచ్చాం" అని తాతగారు రాశారు. ఎంతని చాలా చోట్ల రాయలేదు.

పిల్ల బుద్ధిమంతురాలు. ఆ సాయంత్రమే తన బడ్జెట్టు కాగితంలో ఆకుల పద్దు కొట్టేసి మళ్ళీ రాసింది. ఆకు కోసేవాళ్ళకి ఎంత, ఎండబెట్టి కుట్టేవాళ్ళకి ఎంత, లారీకి ఎంత అని మూడు ముక్కలు చేసింది. కాగితం ప్లేటు కన్నా విస్తరి ఖరీదు పెరిగింది. కాగితం ప్లేటుకి లోపల ప్లాస్టిక్కు పొర వుంటుంది, దాన్ని మట్టి తినదు. కాని చౌక మాత్రం అదే. తేడా పూడ్చడానికి బ్యాండు మేళం తీసేసి సన్నాయి ఒక్కటే వుంచారు. మా వైపు బంధువులకి అడ్డాకు విస్తళ్ళు కూడా కావాలని నేను పట్టుబట్టాను. ఉత్తరాంధ్ర మన్యంలో గిరిజనులు అడ్డాకు ఏరి సంతల్లో అమ్ముతారు. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టిందే, దళారుల చేతిలో పడకుండా అలాంటి అడవి సరుకులు కొనడానికి. విశాఖలో వున్న మా మేనల్లుడికి ఆ పని అప్పగించాను.

నాయనమ్మగారు మాత్రం తన మనవడి పెళ్ళి విస్తళ్ళు తనే దగ్గరుండి చూస్తానన్నారు. వాళ్ళ వాడలో ఆరుగురు ఆడవాళ్ళని పిలిపించి, రోజుకి ఎంత కూలి అన్నది మా ఎదుటే తేల్చారు. మా మరిది కొంచెం తగ్గించమని నసిగాడు. ఆవిడ వినిపించుకోలేదు. బయానా డబ్బు ముందుగా ఇప్పించుకుని, లెక్కపెట్టి, ఆరుగురికీ అక్కడే పంచేశారు. నాలుగువందల విస్తళ్ళు. పది ఎక్కువే కుట్టిస్తానని, కుట్టినవాళ్ళు పెళ్ళికి వచ్చి కూర్చుని తినడానికి అవి కావాలని చెప్పారు. మా చెల్లెలు తన జాబితా తీసి, నూట అరవై కొట్టేసి నూట అరవై ఆరు అని రాసుకుంది.